‘ది కోల్డ్ ఈక్వేషన్స్’ కథలో ఆ అమ్మాయిని చంపింది లెక్కా, లెక్క వేసినవారా?

లోలకం:
సభ్యులందరికీ నమస్కారం. బుద్ధికీ హృదయానికీ మధ్య తగవు గురించి ఈ వేదికలో అప్పుడప్పుడూ మాటలు నడుస్తూనే ఉన్నాయి గానీ, ముందు ఒక ఆధారమంటూ లేకపోవడం వల్ల ఎటూ తేలడం లేదు. అందుకని ఒకే ఒక్క కథను పట్టుకుని మాట్లాడుకుందామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

టామ్ గాడ్విన్ రాసిన ‘ది కోల్డ్ ఈక్వేషన్స్’ 1954 ఆగస్టులో ‘అస్టౌండింగ్ సైన్స్ ఫిక్షన్’ పత్రికలో వచ్చింది. వోడెన్ అనే గ్రహం మీద ఆరుగురు జ్వరంతో చావుబతుకుల్లో ఉంటారు. వారికి మందు చేరవేయడానికి బార్టన్ అనే పైలట్ ఒక చిన్న అత్యవసర నౌకలో ఒంటరిగా బయలుదేరతాడు. నౌకలో ఇంధనం అతనికీ ఆ మందుకూ సరిపడినంతే పోసి పంపుతారు. సామాన్ల గదిలో మరో ఒంటి వేడి ఉన్నట్టు మీటరులోని తెల్లని ముల్లు చూపిస్తుంది. ఆయుధం పట్టుకుని తలుపు తెరవమంటే బయటికి వచ్చింది పద్దెనిమిదేళ్ల మారిలిన్. అదే గ్రహం మీద పనిచేస్తున్న అన్నను చూడాలన్న కోరికతో దొంగచాటుగా ఎక్కింది. పట్టుబడితే జరిమానా కడతాను, అంతకు మించి ఏమవుతుంది అనుకుంది. ఆమె బరువు నౌకలో ఉంటే అది క్షేమంగా దిగలేదు. అప్పుడు ఆమె, పైలట్, కింద జ్వరంతో ఉన్న ఆరుగురు, అందరూ పోతారు. చివరికి ఆమె తనంతట తానే, బయటి శూన్యంలోకి తలుపు తెరుచుకునే ఎయిర్‌లాక్‌లోకి నడిచి వెళుతుంది.

బార్టన్‌కు జాలి లేదని ఎవరూ అనలేరు. అతని బుద్ధి సరిగ్గా పనిచేయలేదనీ అనలేరు. రెండూ నిండుగా ఉన్న మనిషే, అయినా ముగింపు మాత్రం ఇసుమంత కూడా మారలేదు. మారనప్పుడు నైతిక నిర్ణయంలో జాలికి ఉన్న పనేమిటన్నది నా ప్రశ్న.

వంతెనల మనిషి:
లోలకం గారూ, ఈ కథ చదివినప్పుడు నాకు జాలి కన్నా ముందు కోపం వచ్చింది, అదీ పైలట్ మీద కాదు. ఆ నౌకను అలా తయారుచేసి పంపిన వారి మీద.

మన దేశంలో కాంక్రీటు కట్టడాలకు ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం, కట్టడం మీద పడే బరువును లెక్కకట్టి దానిని 1.5తో హెచ్చవేస్తాం; అంతటితో ఆగకుండా కాంక్రీటు బలాన్ని 1.5తోనూ, ఉక్కు బలాన్ని 1.15తోనూ భాగించి, తగ్గిన బలానికే డిజైన్ చేస్తాం. ప్రయాణికుల జెట్ విమానం గమ్యానికి సరిపడా ఇంధనం మాత్రమే పోసుకుని లేవదు. దారిలో అనుకోని ఖర్చుకు కొంత, అక్కడ దిగలేకపోతే మరో విమానాశ్రయానికి వెళ్లడానికి కొంత, అదీ అయ్యాక అరగంట సేపు గాలిలో తిరగడానికి ఇంకొంత ఉండాలి. మనిషి ప్రాణం ఆధారపడిన చోట అంచున నిలబడే లెక్క వేయడం ఏ ఇంజనీరూ చేసే పని కాదు.

పైగా ఆ నౌకలో ఎక్కకూడదని చెప్పడానికి ఒక బోర్డు తప్ప మరేమీ లేదు. తలుపుకు తాళం లేదు, బయలుదేరే ముందు సామాన్ల గదిని తెరిచి చూసేవారు లేరు. దొంగచాటుగా ఎక్కినవారిని వెంటనే బయటికి తోసేయాలని నిబంధన రాసిపెట్టుకున్నారంటే, ఎక్కేవారు ఎక్కుతారని వారికి ముందే తెలుసునన్న మాట. చంపడానికి నిబంధన రాసే ఓపిక ఉన్నవారికి తాళం బిగించే ఓపిక లేకపోయింది. దీనిని భౌతికశాస్త్రం అనరు, నిర్లక్ష్యం అంటారు.

తర్కవాగీశ:
వంతెనల మనిషి గారి వాదన వినసొంపుగా ఉంది గానీ, ప్రశ్నను తప్పించుకోవడానికి అంతకన్నా సులువైన దారి లేదు. ఒక నైతిక సమస్యను ఊహించుకోమని అడిగినప్పుడు, ఆ ఊహలోని షరతులను మార్చేసి ఇక సమస్యే లేదనడం సమాధానం కాదు. తత్వవేత్త ఫిలిప్పా ఫుట్ 1967లో అదుపు తప్పిన ట్రాము ముందు ఒక పట్టాల మీద ఐదుగురినీ మరో పట్టాల మీద ఒకరినీ నిలబెట్టి ప్రశ్న అడిగినప్పుడు, బ్రేకులు ఎందుకు సరిచేయించలేదని అడిగినవారికి ఆమె ప్రశ్న అర్థం కానట్టే లెక్క.

ఇంకో సంగతి కూడా చెప్పనివ్వండి. ఈ కథ వచ్చిన నాటి నుంచి పాఠకులు మారిలిన్ ప్రాణం దక్కించడానికి ఉపాయాలు వెతుకుతూనే ఉన్నారు: కుర్చీ ఊడదీసి పారేయవచ్చని, సామాన్ల గది తలుపు పీకేయవచ్చని, బార్టన్ బట్టలు కూడా విప్పేయవచ్చని. వీరంతా తాము బుద్ధితో ఆలోచిస్తున్నామనే అనుకుంటారు. నా దృష్టిలో ఇది ఉద్వేగమే, లెక్కల వేషం వేసుకుని వచ్చింది. ఆ పిల్ల చనిపోవడాన్ని తట్టుకోలేని మనసు ఒక ఇంజనీరును పిలిపించి, నాకు అనుకూలంగా సాక్ష్యం చెప్పమని అడుగుతోంది. కథ తట్టుకోమంటున్నది సరిగ్గా ఆ నొప్పినే: విశ్వానికి మన మీద పగ లేదు, ప్రేమా లేదు.

నిశాచరి:
విశ్వానికి పగ లేదు నిజమే, కానీ ఈ కథకు ఒక ఎడిటర్ ఉన్నాడు కదండీ. జాన్ డబ్ల్యు. క్యాంప్‌బెల్ ఈ కథను గాడ్విన్ చేత మళ్లీ మళ్లీ రాయించాడన్నది సైన్స్ ఫిక్షన్ చరిత్ర తెలిసినవారంతా చెప్పుకునే సంగతే. రచయిత ఏదో ఒక తెలివైన ఉపాయంతో అమ్మాయిని బతికించి పంపడం, అలా కుదరదని ఎడిటర్ తిప్పి పంపడం. చివరికి ఆమె చనిపోయాకే కథ అచ్చయింది. కాబట్టి ఇది ప్రకృతి ఇచ్చిన తీర్పేమీ కాదు, ఒక పత్రికాఫీసులో బల్ల మీద తేలిన తీర్పు.

అయినా నేను ఈ కథను తీసిపారేయలేను. దీనిలో నన్ను ఎప్పుడూ పట్టుకునేది లెక్క కాదు, పిల్లిపిల్ల. చివరి గంటలో మారిలిన్ తన చిన్నప్పటి సంగతి చెబుతుంది: పెంచుకున్న పిల్లిపిల్ల వీధిలో చనిపోతే, చెల్లి ఏడుపు చూడలేక అన్న జెర్రీ రాత్రికి రాత్రి దుకాణదారుడిని నిద్రలేపి, అచ్చం అలాంటిదే ఇంకోటి తెచ్చి పెట్టాడు. చనిపోయినదాని స్థానంలో ఇంకొకటి తెచ్చిపెట్టే అన్నయ్య ఈసారి అదే గ్రహం మీద ఉండీ ఏమీ చేయలేడు. తర్కవాగీశ గారూ, కథ చల్లని సమీకరణాల గురించేనైతే ఈ పిల్లిపిల్ల ఎందుకు? దొంగచాటుగా ఎక్కింది మగవాడైతే బార్టన్ ఏ సంకోచమూ లేకుండా పని ముగించేవాడని కథే చెబుతుంది. బుద్ధి గెలుపును చూపించడానికి ఆ రచయిత వాడుకున్న పనిముట్లన్నీ హృదయానివే.

డాక్టరమ్మ:
నేను సాహిత్యం గురించి మాట్లాడేదాన్ని కాదు. ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీలో పనిచేస్తున్నాను. లోలకం గారి ప్రశ్న చదివాక ఒక రాత్రి సంగతి రాయాలనిపించింది.

హైవే మీద బస్సు బోల్తా పడితే, అందరినీ ఒకేసారి తీసుకొచ్చేశారు. ఇలాంటప్పుడు ఎవరిని ముందు చూడాలో తేల్చి, ఒక్కొక్కరికీ ఒక రంగు ట్యాగు కట్టే పద్ధతిని ట్రయాజ్ అంటారు. నడవగలిగినవారు పచ్చ. నడవలేనివారిలో నిమిషానికి ముప్పైకి మించి ఊపిరి తీస్తున్నా, గోటిని నొక్కి వదిలాక రెండు సెకన్లలోపు ఎర్రదనం తిరిగి రాకపోయినా, చెప్పిన చిన్న పని చేయలేకపోయినా ఎరుపు, అంటే అందరికన్నా ముందు చూడవలసినవారు. ఊపిరి లేకుండా ఉంటే తల వెనక్కి వంచి దారి సరిచేసి చూస్తాం. అప్పటికీ ఊపిరి రాకపోతే నలుపు, అంటే ఇక బతికించలేమని. ఒక్కొక్కరి దగ్గర నిమిషం కూడా ఉండకూడదు.

ఆ హాలులో ఒకాయన కాలు విరిగి గట్టిగా అరుస్తున్నాడు. చుట్టూ ఉన్నవారంతా ఆయన వైపే పరిగెత్తుతున్నారు, హౌస్ సర్జన్లు కూడా. గోడ పక్కన ఒక కుర్రవాడు చప్పుడు చేయకుండా, పొట్ట పట్టుకుని ఆనుకుని కూర్చున్నాడు. ఊపిరి లెక్కపెడితే ముప్పై ఆరు. జాలి మమ్మల్ని అరిచేవాడి దగ్గరికి లాగుతుంది; అరవగలిగినవాడికి ఊపిరి ఉందని పద్ధతి గుర్తు చేస్తుంది. లోపల రక్తం పోతున్న ఆ కుర్రవాడికి ఎర్ర ట్యాగు కట్టాం. ఆయన మీద జాలి తగ్గించుకుని ఈ అబ్బాయి మీదికి మళ్లించుకున్నామని కాదు నేను చెప్పడం. ఈ పద్ధతి రాసినవారు ఎప్పుడో తీరిగ్గా కూర్చుని, చప్పుడు చేయనివాడి తరఫున కూడా ఎవరో ఒకరు మాట్లాడాలని ఆలోచించి ఉంటారు. అది జాలి కాకపోతే ఇంకేమిటో నాకు తెలియదు. ముందే పడి, లెక్కలో కలిసిపోయింది కాబట్టి కనిపించదు, అంతే.

నల్ల ట్యాగు కట్టిన ఒక పెద్దావిడ దగ్గర మా ఆయమ్మ కూర్చుని, ఆవిడ చీర కొంగు సరిచేసి, చేతి మీద చేయి వేసి ఉంది. ఆ పని ఎవరూ చెప్పలేదు, దానివల్ల ఏ ట్యాగు రంగూ మారలేదు. వద్దని కూడా ఎవరూ అనలేదు.

తర్కవాగీశ:
అమ్మా, మీ అనుభవం విలువైనదే. అయితే ఒక్క తేడా గమనించమని మనవి. మీరు ఆ పెద్దావిడను చంపలేదు, బతికించలేకపోయారు. బార్టన్ ఆ బయటి తలుపు తెరిచే మీట నొక్కాడు. చంపడానికీ చావనివ్వడానికీ మధ్య తేడా ఉందనే ఫుట్ తన వ్యాసంలో చెప్పింది. ఆ తేడా బుద్ధికి అందేదా, మనసుకు మాత్రమే తోచేదా అన్న చోటే అసలు చిక్కు ఉంది.

నల్లకోటు:
ఆ చిక్కును న్యాయస్థానాలు ఇంతకు ముందే ఎదుర్కొన్నాయి. 1884లో మిన్యొనెట్ అనే చిన్న పడవ ఇంగ్లండు నుంచి ఆస్ట్రేలియాకు వెళుతూ దక్షిణ అట్లాంటిక్‌లో మునిగిపోయింది. నలుగురు ఒక చిన్న ప్రాణరక్షక పడవలో మిగిలారు. తిండీ నీళ్లూ లేని ఆ స్థితిలో డడ్లీ, స్టీఫెన్స్ అనే ఇద్దరు పదిహేడేళ్ల రిచర్డ్ పార్కర్ అనే కుర్రవాడిని చంపారు. అతని శరీరమే మిగిలినవారికి ఆహారమైంది. చంపిన తరువాత నాలుగో రోజున ఒక ఓడ వచ్చి వారిని కాపాడింది. ప్రాణావసరం హత్యకు సమర్థన కాదని కోర్టు తేల్చి మరణశిక్ష వేసింది. ఆ తరువాత రాణి ప్రభుత్వం దానిని ఆరు నెలల జైలుగా తగ్గించింది. ఇక్కడ సమతూకం ఒక్క మనిషి తలలో కుదరలేదు. తప్పును తప్పనడం ఒక సంస్థ వంతు, కనికరం మరో సంస్థ వంతు. జడ్జీలే కనికరించి నేరం కాదనేసి ఉంటే, తరువాతి పడవలో అందరికన్నా నీరసంగా ఉన్నవాడి గతి ఏమిటో ఊహించుకోండి.

మన దగ్గర ఇంకా ఆసక్తికరమైనది ఒకటుంది. 1860 నాటి భారత శిక్షాస్మృతి 81వ సెక్షన్ కింద ఒక ఉదాహరణ ఇచ్చారు. ఒక ఆవిరి ఓడ కెప్టెన్ ముందు ఇరవై ముప్పై మంది ఉన్న పడవ ఉంది. ఓడ ఆపడానికి వ్యవధి లేదు. దారి మళ్లిస్తే ఇద్దరే ఉన్న మరో పడవను ఢీకొనే ప్రమాదం ఉంది. ఆ ఇద్దరినీ ముంచాలన్న ఉద్దేశం లేకుండా, మంచి మనసుతో దారి మళ్లిస్తే అతను నేరస్తుడు కాడు. ఫుట్ ట్రాము కన్నా వందేళ్ల పైచిలుకు ముందే మన చట్టంలో ఈ ప్రశ్న ఉంది; ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో అదే 19వ సెక్షన్‌గా కొనసాగుతోంది. కానీ ఆ ఉదాహరణను మళ్లీ చదవండి. కెప్టెన్ తన తప్పు గానీ నిర్లక్ష్యం గానీ ఏమాత్రం లేకుండా ఆ స్థితిలో పడి ఉండాలని మొదటి వాక్యంలోనే షరతు పెట్టారు. వంతెనల మనిషి గారు అడిగిన తాళం ప్రశ్న ఊహ నుంచి తప్పించుకోవడం కాదు. చట్టం మొట్టమొదట అడిగే ప్రశ్న అదే.

మెదడుబడి:
పెద్దలందరికీ నమస్కారం. నేను నాడీశాస్త్ర విద్యార్థిని. ఉద్వేగం తీసేస్తే స్వచ్ఛమైన బుద్ధి మిగులుతుందన్న నమ్మకం సైన్స్ ఫిక్షన్‌లో చాలా పాత్రలకు పునాది. దానికి ఎదురుగా ఆసుపత్రుల్లో కనిపించినది వేరు.

నాడీశాస్త్రవేత్త ఆంటోనియో డమాసియో 1994లో రాసిన పుస్తకంలో ఎలియట్ అని పేరు పెట్టిన ఒక రోగి గురించి చెబుతాడు. నుదుటి వెనక భాగంలో గడ్డ తీసేశాక అతని తెలివితేటలు పరీక్షల్లో చక్కగానే ఉన్నాయి గానీ, ఉద్వేగాలు చప్పబడ్డాయి. ఉద్యోగం, సంసారం రెండూ నిలవలేదు. అలాంటి దెబ్బే తగిలిన ఇంకో రోగిని, తరువాత ఎప్పుడు రాగలవని రెండు తేదీలు చెప్పి అడిగితే, డైరీ తెరిచి దాదాపు అరగంట సేపు ఆ తేదీకి ఇలా, ఈ తేదీకి ఇలా అని లాభనష్టాలు చెబుతూ పోయాడట. చివరికి డాక్టరు రెండో తేదీకి రమ్మంటే, సరేనని డైరీ మూసి వెళ్లిపోయాడు. ఏ దారీ మరో దారికన్నా బరువనిపించనప్పుడు తర్కం ఆగవలసిన చోట ఆగలేదు.

2007లో ‘నేచర్’ అనే విజ్ఞాన పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, ఆ భాగం దెబ్బతిన్నవారు ఎక్కువమందిని కాపాడడానికి ఒకరిని స్వహస్తాలతో చంపవచ్చని మామూలువారికన్నా తేలికగా ఒప్పుకుంటారు. దీనిని చూసి తర్కవాగీశ గారు సంతోషించకూడదని మనవి, ఎందుకంటే అదే రకం రోగులు డబ్బు పంపకం ఆటలో తమకు తక్కువ వాటా ఇస్తే, తమకే నష్టమైనా సరే కోపంతో కాదనడం మామూలువారికన్నా ఎక్కువ. వారు చల్లని బుద్ధిమంతులైపోలేదు. ఇతరుల బాధ తూచే తక్కెడ పోయింది గానీ చిరాకు మాత్రం అలాగే మిగిలింది.

గోదారిగట్టు:
కర్ణపర్వంలో కృష్ణుడు అర్జునుడికి కౌశికుడి కథ ఎందుకు చెప్పాడో గుర్తుచేసుకుంటే ఇక్కడ పనికొస్తుంది. గాండీవాన్ని నిందించినవారిని చంపుతానని అర్జునుడికి ప్రతిజ్ఞ ఉంది. కోపంలో ధర్మరాజు ఆ మాట అననే అన్నాడు. అర్జునుడు అన్న మీదికి కత్తి దూశాడు. అప్పుడు చెప్పిన కథ అది. ఎప్పుడూ సత్యమే పలుకుతానని వ్రతం పట్టిన కౌశికుడు, పారిపోయి దాక్కున్నవారి జాడ దొంగలకు చెప్పేశాడు. దొంగలు వారిని చంపారు. కౌశికుడు నరకానికి పోయాడు. అతనికి జాలి లేకపోవడం కన్నా, తన వ్రతం మీద ఉన్న మమకారం ఎక్కువైపోయింది. నిబంధన పాటించేవాడిని మనం బుద్ధిజీవి అనుకుంటాం గానీ, తన చేతికి మరక అంటకూడదన్న తాపత్రయం కూడా ఉద్వేగమే, నాయనా.

ఇంకొకటి. ఆ నౌకల నిబంధన దొంగచాటుగా ఎక్కినవారిని కనుక్కున్న *వెంటనే* బయటికి పంపాలని చెబుతుంది. బార్టన్ వెంటనే పంపాడా? లేదే. కౌశికుడికీ అతనికీ తేడా అక్కడుంది.

వంతెనల మనిషి:
గోదారిగట్టు గారు చెప్పినచోట నాకు ఇంకో ఆధారం దొరికింది. బార్టన్ తనను పంపిన పెద్ద నౌకకు కబురు పంపి, వేగం తగ్గించే తీరు కాసేపు మార్చుకుంటే ఆమెను ఎంతసేపు ఉంచవచ్చో లెక్క కట్టించాడు. సుమారు గంట దొరికింది. ఆ గంటలో ఆమె ఉత్తరాలు రాసింది, అన్నతో రేడియోలో మాట్లాడింది. అంటే సమీకరణంలో గంట సేపటి ఖాళీ ముందే ఉంది. దానిని ఎవరూ అడగలేదు కాబట్టి బయటపడలేదు. జాలితో అడిగాడు, బుద్ధితో కొలిచాడు. లోలకం గారు జాలికి పనేమిటని అడిగారు కదా, అడిగించడమే దాని పని. ఆ ప్రశ్న నౌక తయారయ్యే చోట అడిగి ఉంటే తాళం వచ్చేది, అంతరిక్షంలో అడిగితే గంట వచ్చింది.

తర్కవాగీశ:
ఈ మాటను నేను కాదనను. అయితే గంట ముగిశాక కూడా జాలిని అలాగే అడగనిస్తే ఏమవుతుందో కూడా చెప్పండి. కింద జ్వరంతో ఉన్న ఆరుగురికి కథలో ఒక్క సంభాషణ కూడా లేదు, పిల్లిపిల్ల లేదు, చెల్లెళ్లు లేరు. డాక్టరమ్మ గారి గోడ పక్క కుర్రవాడు వారే. వారి తరఫున మాట్లాడడానికి ఆ నౌకలో సంఖ్య తప్ప ఎవరూ లేరు. అందుకే నాకు సంఖ్య మీద అంత గౌరవం.

నిశాచరి:
ఇది చాలా బాగుంది. ఈ కోణం నుంచి చూస్తే తరువాతి రచయితలు చేసిన పని ఇంకా అర్థవంతంగా కనిపిస్తుంది. డాన్ సేకర్స్ 1991లో రాసిన ‘ది కోల్డ్ సొల్యూషన్’లో పైలట్ స్త్రీ, ఎక్కింది చిన్న పిల్లవాడు. ఆమె కాళ్లూ చేతుల బరువు లెక్కవేసి, తనవీ పిల్లవాడివీ కోసి బయట పారేసి ఇద్దరినీ బతికిస్తుంది. చదవడానికి ఒళ్లు జలదరిస్తుంది గానీ, లెక్కను ఒక్క అంకె కూడా మార్చకుండా జాలి ఎంత దూరం పోగలదో చూపించిన కథ అది. సాహిత్యంగా గాడ్విన్ కథకు సాటి రాదనే నా అభిప్రాయం.

లోలకం:
నల్లకోటు గారు చెప్పిన షరతు, డాక్టరమ్మ గారు చెప్పిన ‘ముందే పడిన జాలి’ నన్ను ఒక చోటికి తెచ్చాయి. కథలో రికార్డుల విభాగం మారిలిన్ గుర్తింపు బిళ్ల మీది వివరాలు రాసుకుంటుంది. బార్టన్ మీద సానుభూతి చూపిస్తారు. అంతటితో సరి. ఈ నౌకలు ఇలాగే ఎందుకు ఉండాలని విచారణ జరిగినట్టు ఎక్కడా లేదు. అక్కడ తర్కానికి ఏ అడ్డూ లేదు, ఎవరికీ పట్టలేదంతే. డాక్టరమ్మ గారూ, ఆ బస్సు ప్రమాదం తరువాత మీ దగ్గర ఏమైనా జరిగిందా?

డాక్టరమ్మ:
మరుసటి వారం కూర్చుని మాట్లాడుకున్నాం. ట్యాగు ఎవరికి ఏది పడింది, ఎవరిది మధ్యలో మారింది, ఏది ఆలస్యమైంది, అన్నీ రాసుకున్నాం. ఒక హౌస్ సర్జన్ అమ్మాయి ఏడ్చింది, కాసేపు ఆపి మళ్లీ మొదలుపెట్టాం. ఆ తరువాత క్యాజువాలిటీ గుమ్మం దగ్గర ఇద్దరిని నిలబెట్టి, అరిచేవారి దగ్గర గుంపు చేరకుండా చూడమన్నాం.

నల్లకోటు:
అయితే కథ ముగిసిన తరువాత జరగవలసిన విచారణను మనమే రాద్దామా? సాక్షులు బార్టన్, అన్న జెర్రీ, నౌకను డిజైన్ చేసినవారు, జ్వరం నుంచి బతికి బయటపడినవారిలో ఒకరు. ఆ చివరి సాక్షిని తర్కవాగీశ గారు రాస్తే బాగుంటుంది.

తర్కవాగీశ:
రాస్తాను. అయితే అతను క్షమాపణ చెప్పడు, కృతజ్ఞత చెబుతాడు. జెర్రీ ఎదురుగా కూర్చుని చెబుతాడు.

వంతెనల మనిషి:
డిజైన్ చేసినవారిని నేను తీసుకుంటాను. నల్లకోటు గారూ, మొదటి ప్రశ్న తాళం గురించే అడగండి, ఇంధనం గురించి అడిగితే వారికి జవాబు సిద్ధంగా ఉంటుంది.